కోళ్లకి కుట్టిన గది

రెండో కోడిని కూడా ముంగిస ఎత్తుకుపోయాక మా అమ్మాయి ఒక నిర్ణయానికి వచ్చేసింది. మిగిలిన మూడింటినీ, అంటే నల్లదాన్నీ, కుంటిదాన్నీ, గయ్యాళిదాన్నీ, ఆదివారం గుడ్లావిడకు ఇచ్చేస్తానంది. గుడ్లావిడంటే మా వీధి చివర గుడ్లమ్మే మనిషి. ఆవిడకు ఇనుప తలుపుల షెడ్డుంది, కాపలాకు కుక్క ఉంది. అక్కడైతే అవి నాలుగు కాలాలు చల్లగా బతుకుతాయని అమ్మాయి వాదన.

"కోడి పోయినప్పుడల్లా నువ్వు మంచం ఎక్కేస్తున్నావు. నేను చూడలేనమ్మా," అంది.

బతికుండగానే పంపేస్తే మటుకు నాకు కులాసాగా ఉంటుందా? ఈ వయసుకి చాలామందిని గుమ్మం దాకా వెళ్లి సాగనంపాను. కొందరు వెనక్కి తిరిగి చూశారు, కొందరు చూడలేదు. ఇప్పుడు కోళ్ల కోసం కూడా వెళ్లి గుమ్మంలో నిలబడమంటే నా కాళ్లు ఒప్పుకోవడం లేదు.

నా తరఫున మాట్లాడింది మా అల్లుడు. అతను టైలరు. పెదవుల మధ్య గుండుసూదులు పెట్టుకుని పనిచేసే అలవాటు వల్ల కాబోలు, ఇంట్లో కూడా నోరు బిగించుకునే ఉంటాడు. అలాంటి మనిషి పెళ్లాన్ని ఆదివారం దాకా గడువడిగాడు. పెరట్లో చుట్టూ ఇనప వల కట్టి, కోళ్లు పగలంతా తిరగడానికి ఒక గదిలాగా చేస్తానన్నాడు. ముంగిస అందులోకి దూరలేకపోతే కోళ్లు ఉంటాయి, దూరితే వెళ్లిపోతాయి. అమ్మాయి ఒప్పుకుంది.

స్నానాలగదికీ ప్రహరీగోడకీ మధ్య ఉన్న జాగా ఎంచుకున్నాడు. పాత మంచం విప్పి దాని పైపులు స్తంభాలుగా నిలబెట్టాడు. వేలు కూడా దూరనంత సన్నకన్నాల వల తెచ్చాడు. నేను ముక్కాలిపీట వేసుకుని ఎదురుగా కూర్చుని, నాకు తోచిన భయాలన్నీ ఒక్కొక్కటే అందించాను. గద్ద వస్తేనో అన్నాను, పైన కూడా వల పరుస్తానన్నాడు. ఎండ మాటేమిటన్నాను, సగం మీద రేకు వేశాడు. నేను తలుపు తీయగానే గయ్యాళి కోడి నా కాళ్ల సందులోంచి ఉరికి పోతుందన్నాను, బయటికి తెరుచుకునే తలుపును విప్పి లోపలికి తెరుచుకునేటట్టు బిగించాడు. నా భయాలకు ఇంత గిరాకీ ఎన్నడూ చూడలేదు. వంగకుండా లోపలికి వెళ్లాలని, మెడలో టేపు తీసి నన్ను నిలబెట్టి మరీ తలుపు ఎత్తుకు కొలత తీసుకున్నాడు.

ఒక్క భయం మాత్రం తీరలేదు. ముంగిస వల కింద నేల తవ్వుకుని వస్తేనో? వలను లోతుగా పాతిపెడదామంటే, జానెడు తవ్వేసరికి పాత కాలువ తాలూకు సిమెంటు తగిలింది. వల పాతడానికి ఆ లోతు చాలదు, ముంగిస దూరడానికి చాలు. గడ్డపార ఖంగుమంది. అతను దాన్ని గోడకు చేరేసి, వల కత్తిరించడానికి వెళ్లిపోయాడు.

వల తెచ్చి స్తంభాలకు పట్టి చూస్తే, చుట్టూ కింద మూరెడు ఎక్కువ ఉంది.

"కొలత తప్పారా?" అంది అమ్మాయి.

అతను తన చేతికేసి చూసుకున్నాడు. "తప్పలేదే. అడుగున మడతకి వదిలాను."

చిన్నపిల్లల గౌనుకి అంచులో ఎక్కువ గుడ్డ మడిచి కుడతారు, పిల్ల ఎదిగితే విప్పుకోవచ్చని. ఏళ్ల తరబడి అదే పని చేసిన చెయ్యి, వల మీద కూడా అదే చేసింది.

"మన కోళ్లు ఇంకా పొడుగవుతాయనా?" అని అమ్మాయి కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వు అయ్యాక, ఆ ముక్క కోసి పారేయమంది. అతనికి మనసొప్పలేదు. మడత గుడ్డ కోసేసినవాణ్ణి టైలరంటారా అని గొణిగాడు. లోపలికి మడిస్తే కోళ్ల గోళ్లు చిక్కుకుంటాయి. అందుకని బయటివైపుకు మడిచి, నేల మీద పరిచి, ఎగరకుండా అక్కడక్కడ ఇటుకలు పెట్టాడు. తర్వాత సన్నటి తీగతో స్తంభాలకు వలను దగ్గర దగ్గరగా కుట్లు వేసి బిగించాడు. నా చెప్పు రెండుసార్లు ఆ మడతకి తగులుకుంది. నేనూ నాలుగు విసుర్లు విసిరాను.

ఆదివారం పొద్దున కోళ్లను గదిలోకి వదిలి, గొళ్లెం పెట్టి, లాగి చూసి, వంటింట్లోకి వచ్చాను. కిటికీలోంచి చూస్తుండగానే ముంగిస గోడ దిగింది.

అది తాపీగా వల చుట్టూ తిరిగింది. ఒకచోట ఆగి ముక్కు పెట్టింది. నల్లది కొక్కొక్కో అంటూ రేకు కిందికి పరిగెత్తింది. కుంటిది పరిగెత్తలేక అక్కడే ఉండిపోయింది. ముంగిస వల మొదట్లో ముందుకాళ్లతో గీకడం మొదలుపెట్టింది. నేను కిటికీ ఊచ పట్టుకున్నాను. గీకింది, గీకింది. మట్టి లేవలేదు. దాని కాళ్ల కింద ఉన్నది ఆ మూరెడు వల. పక్కకు జరిగి గీకింది, అక్కడా వలే. గోడ మూలకు వెళ్లి గీకింది. నాలుగడుగులు వెనక్కి వెళ్లి తవ్వాలన్న ఆలోచన దానికి రాలేదు. ఎంతసేపూ వలనానుకునే తవ్వాలని చూసింది. చివరికి వెనక కాళ్ల మీద లేచి కుంటిదాన్ని ఒకసారి చూసి, గోడెక్కి వెళ్లిపోయింది.

కిటికీ ఊచ వదిలేసి, గట్టునానుకుని నిలబడ్డాను. అప్పుడు తెలిసింది, అమ్మాయి నా వెనకే నిలబడి ఉందని. ఎప్పటినుంచో మరి. తను పెరట్లోకి వెళ్లి, వంగి, ముంగిస గీకిన చోటల్లా మడతను లాగి లాగి చూసింది. గోడ మూల ఇంకో ఇటుక పెట్టింది. లోపలికి వచ్చి ఫోను తీసింది.

"మీరు రానక్కర్లేదండీ," అంటోంది గుడ్లావిడతో. "అబ్బే, మనసు మార్చుకోవడం కాదు. వాటికి ఇక్కడే చోటు కుదిరింది."

అవతల నుంచి ఆవిడ ఏదో పొడుగ్గా అడుగుతోంది. అమ్మాయి ఊఁ కొడుతూ, ఖాళీగా ఉన్న చేత్తో నా భుజం పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. పెరట్లో మూడు కోళ్లూ అప్పుడే ముంగిస సంగతి మరిచిపోయి ఒక క్యాబేజీ ఆకు కోసం పోట్లాడుకుంటున్నాయి. గయ్యాళిదే గెలిచేటట్టుంది.