నా అసలు వేగం

నేను ఒక క్యాసెట్‌ని. అరవై నిమిషాల నిడివి, ఎనిమిది పాటలు, మూల చిట్లిన డబ్బా. విశాఖపట్నంలో 'లంగరు' అనే రాక్ బృందం పాడిన 'మూడో షిఫ్టు' ఆల్బమ్ నాలో ఉంది. తెలుగులో ఇంత దుఃఖం నిండిన ఆల్బమ్ మరొకటి లేదని పత్రికలవాళ్లు రాశారు. కాలేజీ పిల్లలు నా తోటి క్యాసెట్లు కొనుక్కుని విని ఏడ్చారు. ముందే చెప్పేస్తున్నాను, నాలో దుఃఖం అన్నది చెంచాడు కూడా లేదు. ఈ మాట ఎవరికైనా చెబుదామంటే, పాడడమే తప్ప మాట్లాడడం రాని బతుకైపోయింది నాది.

పోర్టులో ఎలక్ట్రీషియన్‌గా చేసే మేరుగ ఆల్బర్ట్ ఈ పాటలు కట్టి పాడాడు. అతని చిన్ననాటి నేస్తం నూకరాజు డ్రమ్స్ వాయించాడు. షిఫ్టు దిగిన కూలీలు తెల్లవారి బస్సెక్కి, ఒకరి మీద ఒకరు పడి నవ్వుకుంటూ ఇంటికి పోయే పాటలవి. నూకరాజు చేతులు ఊరుకునేవి కావు. రికార్డింగు మధ్యలో స్టూలు విరిగితే నిలబడే వాయించాడు. ఆ విరిగిన చప్పుడు నా రెండో వైపు మొదట్లో ఇప్పటికీ ఉంది.

నన్ను సమీక్షకని సోమశేఖరానికి పంపారు. ఆయన ఒక వారపత్రికలో సంగీతం శీర్షిక రాసేవాడు. ఎండాకాలం, ఆదివారం, కరెంటు లేదు. టేప్ రికార్డర్‌లో సెల్లులు అయిపోవచ్చాయి. ఆ రోజుల్లో ఎవరైనా చేసే పనే ఆయనా చేశాడు. నాలుగు సెల్లులూ తీసి పిట్టగోడ మీద ఎండలో పెట్టి, మధ్యాహ్నం తిరిగి వేశాడు. అవి నన్ను తిప్పాయి. తిప్పాయి గానీ, కడుపు నిండా తిని కునుకు తీయబోయేవాడి నడకలా తిప్పాయి. ఆల్బర్ట్ గొంతు బొంగురుపోయింది. నూకరాజు దరువు కాళ్లీడ్చుకుంటూ నడిచింది. ఓరి నాయనా, ఇది నేను కాదు అని ఎంత మొత్తుకున్నా ఎవరికి వినిపిస్తుంది?

సోమశేఖరం ఆ బృందాన్ని అంతకుముందు విని ఎరగడు. పైగా భార్య పోయి ఏడు నెలలే అయింది. పాపం, ఏడవడానికి ఆయనకు ఒక చోటు కావాలి, నేను దొరికాను. 'అలసిన మనిషి ఆఖరి అడుగులు' అని పేరు పెట్టి రెండు పేజీలు రాశాడు. నన్ను సొరుగులో పెట్టి, మళ్లీ వినే ధైర్యం లేక మూసేశాడు. అది చదివిన జనం సరైన వేగంతో విని కూడా ఏడ్చారు. అచ్చులో పడ్డ మాట ముందు మనుషుల చెవులెంత!

సొరుగులో ముప్ఫై ఏళ్లున్నాను. పక్కన ఒక విరిగిన కళ్లజోడు, రెండు తాళంచెవులు. అవి ఏ తాళానివో ఆయనే మరిచిపోయాడు. పాడడానికి పుట్టినవాళ్లకు అంతకంటే ఒంటరితనం ఉండదు.

ఈ మధ్య ఆ పత్రికవాళ్లే ఆల్బమ్‌కి ముప్ఫై ఏళ్లయింది, మళ్లీ విని రాయమని అడిగారట. డెబ్భై నాలుగేళ్ల సోమశేఖరం పాత టేప్ రికార్డర్ బాగుచేయించి, కరెంటుకి తగిలించి నన్ను వేశాడు. రెండో పాటకే కంగారుపడి లేచాడు. టేప్ రికార్డర్‌ని దుకాణానికి పట్టుకెళ్లి, వేగం పెంచేశావంటూ మెకానిక్ మీద విరుచుకుపడ్డాడు. వేగం సరిగ్గానే ఉందని అతను ఇంకో క్యాసెట్ వేసి చూపించాడు. ఆయన ఇంటికొచ్చి పత్రికవాళ్లనడిగి నంబరు తీసుకున్నాడు. ఆ తర్వాత ఆల్బర్ట్‌కి ఫోన్ చేశాడు.

మర్నాడు పొద్దున్నే ఆల్బర్ట్ వచ్చాడు. జుట్టంతా నెరిసింది. కళ్లు మూసుకుని బస్సు పాట విన్నాడు.

"మేం పాడింది ఇలాగేనండి," అన్నాడు. కళ్లు తెరిచి అడిగాడు. "అప్పుడు మీరు కరెంటు మీద విన్నారా, సెల్లుల మీదా?"

"సెల్లులే. ఎండలో పెట్టి వేశాను."

ఎలక్ట్రీషియన్‌కి అంతకంటే విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆల్బర్ట్ నేల చూస్తూ మిగతాది చెప్పుకొచ్చాడు. సమీక్ష వచ్చాక జనం ఏడవడానికే కచేరీలకొచ్చేవారట. హుషారుగా పాడితే మొహమొహాలు చూసుకునేవారట. దాంతో వీళ్లే వేగం తగ్గించారు, చప్పట్లు మోగాయి, ఇక అదే అలవాటైపోయింది. నూకరాజు ఒప్పుకోలేదు. శవం ముందు వాయించేవాణ్ణి వేరే చూసుకోమని కర్రలు పడేసి వెళ్లిపోయాడు. మళ్లీ ఇద్దరికీ మాటల్లేవు. పోయిన వానాకాలంలో నూకరాజు చనిపోయాడు.

"ఆడి మాట కాదని మీ మాట నమ్మానండి," అన్నాడు ఆల్బర్ట్.

ఇప్పుడేం రాయమంటావని సోమశేఖరం మెల్లిగా అడిగాడు.

"ఆడి పేరు రాయండి. అప్పుడు రాయలేదు మీరు."

ఆయన కాగితం తీసి అందరికంటే ముందు నూకరాజు పేరు రాశాడు. ఆల్బర్ట్ నన్ను తిరగేసి రెండో వైపు వేశాడు. స్టూలు విరిగిన చప్పుడుకి ఫక్కున నవ్వాడు. ఆ నవ్వులోనే కళ్లు నిండాయి. దరువు మొదలవగానే అరచేత్తో మోకాలి మీద తనూ వాయించబోయాడు. నాలుగు దెబ్బలు కలిశాయి, ఐదోది వెనకబడింది. ముప్ఫై ఏళ్లు నెమ్మదికి అలవాటుపడ్డ చెయ్యి కదా. మళ్లీ ఎత్తుకున్నాడు, మళ్లీ వెనకబడ్డాడు. అతని కోసం ఒక్క క్షణం ఆగుదామనిపించింది. ఆగడం నా చేతిలో లేదు. నూకరాజు ముందుకు వెళ్లిపోయాడు.