ఆరువందల పళ్ళేల పాట

మధ్యాహ్నం పన్నెండు కాగానే కొరియాలోని గున్సాన్ పట్టణంలో ఆ బడి భోజనశాలలో ఆరువందల మంది పిల్లలు వరుస కడతారు. వేడి అన్నం, సోయా పులుసు, కిమ్చీ పచ్చడి, వారానికి రెండు రోజులు నూనెలో వేయించిన కోడిమాంసం. పళ్ళెంలో ఏం పడిందో చూస్తారు గాని, వడ్డించిన మనిషి ముఖం చూసేవారు అరుదు. పిల్లల్ని అని ఏం లాభం? పెద్దలం మనం మాత్రం చూస్తున్నామా?

మ్యొంగ్‌సుక్ పదహారేళ్ళుగా ఆ వంటగదిలో పనిచేస్తోంది. ఆమె కూతురు యొన్‌జు కూడా ఆ బడిలోనే చదివింది. పదకొండేళ్ళప్పుడు తోటిపిల్ల ఒకతె, "ఆ వంటావిడ మీ అమ్మేనా?" అని అడిగితే, "కాదు, మా వీధిలో ఉంటుంది" అని చెప్పింది. తల్లి ఆ మాట విన్నది. విని, కూతురికి ఇంకో ముక్క వేసి, తరువాతి పిల్ల వైపు తిరిగింది.

ఇరవై ఏళ్ళు వచ్చేసరికి యొన్‌జు కాఫీ దుకాణంలో పనికి కుదిరింది. తీరిక దొరికితే చాలు, పాత కీబోర్డు ముందు కూర్చుని పాటలు కట్టేది. అన్నీ సియోల్ వానల మీద, తాను ఎరగని ప్రేమల మీద. పాటల కంపెనీలకు పంపితే జవాబు వచ్చేది కాదు. సాంస్కృతిక కేంద్రంలో సంగీతం నేర్పే మో మాస్టారు ఒకనాడు ఆమె పాట విని, అడిగాడు.

"బాణీ బాగుందమ్మా. ఈ వానలో నువ్వెప్పుడు తడిశావు?"

"అందరూ రాసేదే కదండీ, మాస్టారూ."

"అందరూ రాసేది అందరూ రాస్తారు. నువ్వు రాయకపోతే ఎవరూ రాయనిది ఏదైనా ఉందేమో చూడు."

ఆ శరదృతువులోనే వంటగది పెద్ద ఒక్‌బున్ ఆసుపత్రి పాలయింది. ఏళ్ళ తరబడి పీల్చిన నూనెపొగ ఊపిరితిత్తుల్ని తినేసిందన్నారు డాక్టర్లు. మనిషి తక్కువై పని సాగక, వారం రోజులు తాను వస్తానంది యొన్‌జు.

"వద్దులే, ఆ పొగ నీకెందుకే?" అంది తల్లి.

"మరి నీకెందుకమ్మా?"

మ్యొంగ్‌సుక్ ఉతికిన ఏప్రాను ఒకటి తీసి కూతురి చేతిలో పెట్టింది.

వంటగదిలో పొగగొట్టం ఫ్యాను పేరుకు మాత్రమే తిరుగుతోంది. పడవ తెడ్లంత గరిటెలతో ఆడవాళ్ళు పులుసు తిప్పుతూ, చెయ్యి తప్పకుండా ఒకే వరసలో కూనిరాగం తీస్తున్నారు. మధ్యలో ఎవరో ఒకరికి దగ్గు.

"ఏమ్మా, ముల్లంగి తరుగుతున్నావా, దానికి పరీక్ష పెడుతున్నావా? ఇలాగైతే పిల్లలు రాత్రికి తింటారు" అంది ఒకామె. అందరూ నవ్వారు. యొన్‌జు కూడా నవ్వింది. నవ్వుతూనే తల్లి వైపు చూస్తే, పొగలో తల్లి ముఖం ఆనలేదు.

ఆ వారంలోనే పాట పుట్టింది. బట్టలు మార్చుకునే గదిలో వాళ్ళకే మొదట వినిపించింది.

*పొగలోంచి చూస్తే అమ్మ కనబడదు,*
*ఆమె వండిన మెతుకుల్లో ఊరంతా ఎదుగుతుంది.*
*ఆరువందల ఆకళ్ళకు ఊపిరి పోసి*
*తన ఊపిరి ఎక్కడ పెట్టిందో వెతుక్కుంటోంది.*

"మా మీద పాటేమిటే, ఎవరు వింటారు?" అంది మ్యొంగ్‌సుక్, తువాలుతో కళ్ళు ఒత్తుకుంటూ.

"నేను వింటాను. ఇంకోసారి పాడమ్మా" అంది ముల్లంగి గురించి వేళాకోళమాడిన ఆమె.

ఎవరో ఆ పాటను ఫోనులో పట్టి పదిమందికి పంపారు. పది వెయ్యి అయింది. సియోల్ నుంచి ఒక కంపెనీ మనిషి ఫోను చేశాడు. "బాణీ తీసుకుంటాం. వంటగది తీసేసి ప్రేమికుణ్ణి పెట్టండి."

ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన పిలుపు అది. అయినా యొన్‌జు, "ఆ బాణీ గరిటె తిప్పుడులోంచి వచ్చిందండీ. గరిటె తీసేస్తే నిలబడదు" అని ఫోను పెట్టేసింది.

తల్లిదండ్రుల సమావేశం నాడు ఎనిమిదిమంది వంటవాళ్ళు ఏప్రాన్లతోనే వేదిక ఎక్కారు. కీబోర్డు ముందు కూర్చున్న యొన్‌జు, "చిన్నప్పుడు ఈ బడిలోనే మా అమ్మను అమ్మ కాదన్నాను. ఈ పాట ఆమెది" అని మొదలుపెట్టింది. పాట అయ్యాక, రాసిందెవరని ముందువరుసలోంచి ఎవరో అడిగితే, మ్యొంగ్‌సుక్ మైకు దగ్గరికి నడిచింది. పదహారేళ్ళలో ఆ బడిలో ఆమె గొంతెత్తి మాట్లాడటం అదే మొదలు.

"నా కూతురు" అంది, తల ఎత్తి.

వంటగది పొగ తొలగించాలన్న అర్జీ మీద ఆ రోజే నాలుగువందల సంతకాలు పడ్డాయి. చలికాలం సెలవుల్లో కొత్త పొగగొట్టాలు బిగించారు. ఆసుపత్రి పనివాళ్ళు, బస్సు డ్రైవర్లు తమకూ పాట కట్టమని యొన్‌జును వెతుక్కుంటూ వచ్చారు. ఆమె మొదటి పాటల సంపుటి మీద ఎనిమిదిమంది వంటవాళ్ళ పేర్లూ ఉన్నాయి.

కొత్త వంటగది తెరిచిన నాడు ఆసుపత్రి నుంచి వచ్చిన ఒక్‌బున్‌కు పిల్లల తల్లిదండ్రులు పూలగుత్తి ఇచ్చారు. ఆమె ఆగి ఆగి ఊపిరి తీసుకుంటూ అన్నది:

"పూలు బాగున్నాయి, సంతోషం. కాని ఒక్కమాట గుర్తుపెట్టుకోండి నాయనా. కష్టజీవి పడిపోయాక పూలు తేవడం జాలి. నిలబడి పనిచేస్తుండగానే మంచి గాలి ఇవ్వడం న్యాయం."