మెడలో వెలుగు

చక్కెరకు ఎవరూ దారి చెప్పనక్కర్లేదు, ఆకలి ఎక్కడుంటే అక్కడికి తనే పోతుంది, కైరోలో పాతికేళ్లుగా స్కాన్లు చూస్తున్నా డాక్టర్ ఇగ్లాల్‌కి ఈ వింత పాతబడలేదు, చేతి నరంలోకి కాస్త మెరిసే చక్కెర ఎక్కించి గంటసేపు కూర్చోబెడితే చాలు, ఒంట్లో అన్నిటికన్నా ఆబగా తినేదేదో తెర మీద దీపంలా వెలిగి తనను తానే పట్టిస్తుంది, దొంగ ఎంత గడుసువాడైనా తిండి దగ్గర దొరికిపోతాడు, ఇదిగో ఈ పొరలో, స్వరపేటికకు ఎడమ పక్క, శనగగింజంత వెలుగు, నువ్వే కదూ పుండువి, నిన్ను ఎరుగుదును, కానీ నీ చుట్టూ ఈ దీపాలేమిటి, రెండు చెవుల వెనకనుంచి భుజాల దాకా, ఇంత వెలుగున్న మెడను తను ఎన్నడూ చూడలేదు, టీ చల్లారిపోయింది, కాగితంలో చుట్టిన ఫూల్ రొట్టె, ఉడికిన చిక్కుడుగింజల ముద్ద కూరింది, సగం కొరికి పెట్టింది పెట్టినట్టే ఉంది, పదింటికి పెద్ద డాక్టర్ల సమావేశం, గడియారంలో తొమ్మిదీ పది.

కంప్యూటర్ ప్రోగ్రాం తేల్చేసింది మేడమ్, నూటికి పంతొమ్మిది, అని చెప్పి వెళ్లాడు హాతిమ్, కుర్ర డాక్టరు, తెలివైనవాడే, తొందర ఎక్కువ, నూటికి పంతొమ్మిదంటే ఇలాంటి గొంతులు వంద ఉంటే రెండేళ్ల తర్వాత మిగిలేవి పంతొమ్మిది, రెండు వైపులా పాకేసింది మేడమ్, ఇంక కిరణాలూ మందులూ పెట్టి ఆ ముసలాయన్ని హింసించడం దేనికి, నొప్పి తెలియకుండా చూసుకుంటే చాలు, అన్నాడు, పదింటికి అందరూ అదే అంటారు, ఫైలు మూసేస్తారు, ఆ ప్రోగ్రామును చూసి ఒకప్పుడు తను నవ్వింది, పోయినేడు ఒకావిడ గొంతు శుభ్రంగా ఉందని తను ఒట్టేసి చెబితే అది కాదంది, నాలుగు నెలలకు కాదన్నట్టే అయింది, బూడిదరంగుకీ బూడిదరంగుకీ మధ్య మనిషి కంటికి ఆనని తేడా దానికి ఆనుతుంది, అప్పట్నుంచి దాని ముందు కొంచెం భయంతోనే కూర్చుంటుంది, అయితే అది చదివేది మనం గీసిచ్చిన గీత లోపలే, పుండు ఇంతవరకూ అని గీత గీయాల్సింది మనిషే, ఇక్కడ గీసింది హాతిమ్, వెలిగిన ప్రతిదాని చుట్టూ గీసేశాడు.

కానీ జబ్బు ఇంత పద్ధతిగా పాకుతుందా, జబ్బు పాకితే ముద్దలు ముద్దలుగా, ఇక్కడొకటి అక్కడొకటి, ఇదేమో కుడీ ఎడమా ఒక్కలా, పొడుగ్గా, పేనిన తాడులా ఉంది, వెలుగు తీసేసి ఉత్త బొమ్మ తెరిచింది, వాచిన గడ్డ ఒక్కటీ లేదు, ఉన్నది కండ, యాభై ఎనిమిదేళ్ల మనిషి, చిన్నప్పట్నుంచీ పొగ తాగినవాడు, దవడలు పీక్కుపోయి ఉన్నాయి, కానీ ఆ మెడ, తన మణికట్టంత లావు కండలు, ఒక్కో పొర జరుపుతుంటే ఇగ్లాల్‌కి చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి, ఈ మెడను ఎవరు చెక్కారు, కాగితంలో వృత్తి అన్నచోట సొంత పని అని ఉంది, సొంత పనట, ఏం పని, లేచింది.

వరండాలో బల్ల మీద ఫలితం కోసం కూర్చున్న తండ్రీ కూతురూ, కూతురు సబ్రీన్ నిన్ననే తన చెయ్యి పట్టుకుంది, డాక్టరమ్మా, నాన్నకి ఆ పాడు జబ్బు పేరు చెప్పకండి, గొంతు వాచిందని చెప్పాం అని, బయ్యూమి బాబాయ్, నువ్వేం పని చేస్తావు, అని అడిగింది ఇగ్లాల్, రొట్టెలమ్మా అన్నాడు, గొంతులో ఇసుక పోసినట్టుంది ఆ గుసగుస, బట్టీ నుంచి ఫూల్ బండ్లకి, సైకిల్ మీద, రొట్టెలు పేర్చిన తడిక నెత్తిన పెట్టుకుని, పద్నాలుగో ఏట నుంచీ, ఇగ్లాల్ కళ్ల ముందు ఖర్జూరపు మట్టల తడిక కదిలింది, మంచమంత తడిక, బస్సుల మధ్యనుంచి ఒంటి చేత్తో హ్యాండిల్ పట్టుకుని పోయే మనిషి, రోజూ చూసేదే, ఎన్నడూ చూడనిదే, మరి నిన్న పొద్దున, స్కానుకి ముందు, ఏం చేశావు, ఏం తినలేదమ్మా, మంచినీళ్లు తప్ప, తిండి కాదు బాబాయ్, బరువులు ఎత్తొద్దన్నాం కదా, బరువేం ఎత్తలేదమ్మా, రొట్టెలు మోశావా, ఆ, రెండు తడికలు, రొట్టెలు బరువేంటమ్మా, పొంగిన గాలే కదా, నేను మానేస్తే వీధి వీధంతా ఏం తింటుంది, సబ్రీన్ నెత్తి కొట్టుకుంది, ముప్పై కిలోలు తల మీద పెట్టుకుని గాలంటాడు, ఈయన మెదడు కూడా బట్టీలో పెట్టి కాల్చేశారు డాక్టరమ్మా, పో, పోయి టీ పట్రా అన్నాడాయన, ఆమె మలుపు తిరిగేదాకా చూసి, దాని పేరు నాకు తెలుసమ్మా అన్నాడు, నాకు తెలుసని పిల్లకి చెప్పకు, తట్టుకోలేదు, నాకొక్కటే చెప్పు, తప్పుకోండి తప్పుకోండి అని మళ్లీ రోడ్డు మీద అరవగలనా, ఇప్పుడు సైకిల్ గంట కొడితే ఎవడూ వినట్లేదు.

గదిలోకి వచ్చి ఇగ్లాల్ హాతిమ్ గీతలన్నీ చెరిపేసింది, చెరుపుతూ ఆగింది, ఆయన బతకాలని ఉండి చెరుపుతున్నానా, ఉన్నది ఉన్నట్టు చూసి చెరుపుతున్నానా, మళ్లీ మొదటి పొరకు పోయింది, నలభై ఆరు పొరలూ ఒక్కొక్కటే, వెలుగున్న బొమ్మా లేని బొమ్మా పక్కపక్కన పెట్టి, ఆ శనగగింజ తప్ప ప్రతి వెలుగూ కండలోనే ఉంది, కండ దాటి ఒక్క చుక్క లేదు, పని చేసిన కండకీ ఆకలేస్తుంది, చక్కెర దానికీ పెట్టింది, అంతే, తాడును చూసి పామనుకున్నారు, శనగగింజ చుట్టూ మాత్రం సన్నగా గీసి మీట నొక్కింది, నూటికి ఎనభై ఒకటి, మళ్లీ నొక్కింది, ఎనభై ఒకటే, కిరణాలు పెడితే గొంతు కూడా దక్కవచ్చు, గురువారం మళ్లీ స్కాను తీద్దాం, ముందురోజంతా సబ్రీన్‌ని కాపలా పెట్టి పడుకోబెట్టిద్దాం, ఈలోగా ఎవరూ ఆ ఫైలు మూయడానికి వీల్లేదు, పదింటికి ఇదే చెప్పాలి.

ఇంకా ఐదు నిమిషాలుంది, తెర ఆపబుద్ధి కాలేదు, రాబోయే రెండేళ్లు చెప్పమని అడిగితే నిన్నటి పొద్దు చూపించింది ఈ బొమ్మ, తెల్లవారుజామున ఫజర్ నమాజు తర్వాత మోసిన రెండు తడికలు ఆయన దింపేశాక కూడా మెడలో వెలుగుతూనే ఉన్నాయి, నలభై నాలుగేళ్ల బరువు, ఆయనకు గాలి, ఇగ్లాల్‌కి కళ్లు చెమర్చాయి, ఆకలేస్తోందని అప్పుడు తెలిసింది, సగం కొరికిన రొట్టె చేతిలోకి తీసుకుంది, ఆసుపత్రి గేటు దగ్గర బండి మీద కొన్నది, ఆ బండి దగ్గరికి అది ఎలా వచ్చిందని తన యాభై రెండేళ్లలో ఒక్కసారీ అనుకోలేదు, ఈ క్షణాన కైరోలో ఎన్ని మెడలు ఇలా వెలుగుతూ వంతెనల కిందనుంచి పోతున్నాయో, ఎవరూ స్కాను తీయరు కనుక కనబడవు, అంతే, ఈ రొట్టె కింద కూడా పొద్దున ఒక మెడ వెలిగే ఉంటుంది.