అమ్మోరొచ్చిన ఇంట్లో మందు

"ఒళ్ళు సేసినావే వదినా! మా అన్నయ్య నిన్ను బాగా మేపుతున్నట్టున్నాడు" అంది సింహాచలం, కుళాయి దగ్గర నలుగురూ వినేలాగ. సింహాచలం నా ఆడపడుచు. నేను అంట్లు తోముతున్నాను. తోముతూనే నవ్వాను. ఇలాంటి మాటకి నవ్వడం ఈ ఇంటికొచ్చాక నేర్చుకున్న మొదటి విద్య.

నా ముఖం ఉబ్బింది మేతవల్ల కాదు, మాత్రలవల్ల. ముందు మా ఆయన, తరవాత అత్త, ఆ తరవాత వచ్చిపోయే చుట్టాలు, చివరికి గిన్నె అడుగున ఏం మిగిలితే అది నేను. ఇదీ మా ఇంట్లో మేత వరస. కాపురానికొచ్చిన నాటినుంచి నా చెంపల మీద చిటికెడు కండ చేరనివ్వని ఇల్లు అది. ఇప్పుడు మందు మహిమవల్ల అవి బూరెల్లా పొంగేసరికి, మా రైల్వే ట్రాఫిక్ కాలనీ మొత్తం మా ఆయన గోవిందరావుని మెచ్చుకోవడం మొదలుపెట్టింది. పెళ్ళాన్ని చూసుకుంటే అలా చూసుకోవాలట. ఆ మెప్పు తనది కాదని ఆయన ఒక్కరికీ చెప్పలేదు. మీసం సర్దుకుని పుచ్చుకున్నాడు.

వానాకాలంలో మొదలైంది జబ్బు. పొద్దున్న లేచేసరికి వేళ్ళు కొయ్యముక్కల్లా బిగుసుకుపోయేవి. గుడ్డలు పిండలేకపోయేదాన్ని. "ఒళ్ళు ఒంచలేక ఏళ్ళు ఒంగలేదంటంది" అనేది మా అత్త దాలమ్మ. తరవాత కాళ్ళు నీరు పట్టాయి. ఆయనకి చెబితే, "కార్ఖానాలో సెలవు దొరకదు, నీతోటి ఆసుపత్రికి నానేటొత్తాను" అన్నాడు. మమ్మల్ని ఈ హిందీ మాట్లాడే ఊరికి తెచ్చిన ఆ రైల్వే కార్ఖానాలోనే ఆయన ఫిట్టరు. ఇంజను కొంచెం తేడాగా మోగితే చాలు, పరుగెత్తుకెళ్ళి చెవి ఆనించి వింటాడట. అందుకాయనకి మంచి పేరు. ఇంట్లో మూలుగు వినడానికి మాత్రం ఆ చెవి పనిచేయలేదు.

ఎదురు క్వార్టరు ఎలీసమ్మక్క రైల్వే ఆసుపత్రిలో నర్సు. ఆవిడే నన్ను తీసుకెళ్ళింది. బెంగాలీ డాక్టరుగారు రక్తం చూసి, మూత్రం చూసి, తన భాషలో చాలాసేపు చెప్పారు. అక్క దాన్ని మన మాటల్లోకి తెచ్చింది.

"మన ఒంట్లో సవుకీదారొకడుంటాడే కొండా. బయటినుంచి రోగాలొత్తే కొట్టి తరుముతాడు. నీ ఒంట్లో ఆడికి మతి సెడిపోనాది. దొంగని ఒదిలేసి ఇంటోళ్ళనే బాదతన్నాడు. నీ కీళ్ళనీ, నీ మూత్రపిండాలనీ. ఈ మాత్రలు ఆడిని నిద్దరపుచ్చుతాయి. అప్పుడు నీకు నెప్పుండదు."

"మంచిదే కదక్కా."

"మంచిదే. కాని సవుకీదారు నిద్దరోతే తలుపు తీసున్నట్టే గదా. జొరాలున్న సోటికి ఎల్లకు. అమ్మోరు పోసిన ఇంటికి అసలే ఎల్లకు. నీకు సిన్నప్పుడు ఆటలమ్మ పోసిందా?"

"లేదక్కా."

అక్క ఆ మాట ఆయనకి చెప్పగానే డాక్టరుగారు చూపుడువేలెత్తి మళ్ళీ ఏదో అన్నారు. అక్క అదీ తెలుగులో చెప్పింది. "ఒకపాలి పోసినోళ్ళకి మళ్ళీ రాదంట. నీకు పొయ్యలేదు కాబట్టి, ఇప్పుడొత్తే పేనం మీదకొచ్చేత్తాదంట. ఇంకోటి, ఈ మాత్రలు ఠక్కున మానకూడదు. ఒళ్ళు ఈటికి అలవాటు పడిపోద్ది. మానిపించాలంటే ఆయనే కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. నీకు నువ్వు మానేత్తే కుప్పకూలిపోతావు."

ఇంటికి నడుస్తూ ఆ చౌకీదారు గురించే ఆలోచించాను. నా ఒంట్లో తిరగబడేది ఒకటి ఉందని వినడం నాకు అదే మొదలు. ఇన్నాళ్ళూ అది ఎక్కడ దాక్కుందో! మా అత్త నా పుట్టింటివాళ్ళని ముష్టివాళ్ళన్న రోజున లేవలేదు. పిల్లలు పుట్టలేదని ఆయన చుట్టాల ముందు నన్ను గొడ్డును చూపించినట్టు చూపించిన రోజున లేవలేదు. తీరా లేచి, నన్నే కొట్టిందట. ఈ ఇంటి కోడలి ఒళ్ళు కదా, ఈ ఇంటి పద్ధతే నేర్చుకుంది.

మాత్రలతో నా చేతులు తెరుచుకున్నాయి. ఇల్లంతా సంబరపడింది. రుబ్బురోలు మళ్ళీ తిరిగింది, దుప్పట్లు మళ్ళీ తెల్లబడ్డాయి. డాక్టరు చెప్పిన జాగ్రత్తలు నేను పూసగుచ్చినట్టు చెబితే మా ఆయన "సరేలే" అన్నాడు. అత్త, "సేతులు లేసినాయి గదా, ఇంకేటి?" అంది. నిజమే, వాళ్ళకి కావలసింది చేతులే. వాటి వెనక ఉన్న మనిషి ఎలా ఉందో ఎవరికి కావాలి?

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక పొద్దున్న సింహాచలం రిక్షాలో దిగింది. ఒళ్ళో కూతురు నూకాలు, పిల్లకి నిండా దుప్పటి. దుప్పటి తొలగిస్తే ముఖమంతా నీటి పొక్కులు.

"మా ఇంటికి సిన్నమ్మోరు వచ్చింది వదినా. నాకు నెల తప్పింది. నాను పిల్ల దగ్గిరుండకూడదంట. నీకు ఇంటికాడ పిల్లా మేకా లేరు గదా, నువ్వు సూసుకో" అంది. పిల్లని చావడిలో పడుకోబెట్టి, అదే రిక్షాలో వెళ్ళిపోయింది.

కడుపుతో ఉన్న మనిషి దూరంగా ఉండాలి, నేను కాదనను. ఆ సంగతి వాళ్ళకి ఎవరూ డాక్టరు చేత చెప్పించక్కర్లేదు, ఎందుకంటే ఆ కడుపులో ఉన్నది వాళ్ళ వంశం. నా కడుపులో ఉన్నవి ఉత్త మూత్రపిండాలు.

నేను వెనక గుమ్మం దాటి పెరట్లోకి వచ్చేశాను. గుడ్డలు ఆరేస్తూ, ఏం చెయ్యాలా అని చూస్తున్నాను. లోపల మా అత్త చకచకా పని మొదలుపెట్టింది. వీధి గుమ్మానికి వేపమండలు కట్టింది. ఇంట్లో తాలింపు వెయ్యకూడదంది, చేపలు తేకూడదంది. తరవాత అలమార తెరిచింది. దగ్గుమందు సీసా, తలనొప్పి మాత్రలు, నా మాత్రల సీసా అన్నీ చాటలో వేసి తెచ్చి, నా కళ్ళముందే మురిక్కాలవలో ఒంపేసింది.

"అత్తా! అయి నా మాత్రలు!"

"అమ్మోరొచ్చిన ఇంట్లో మందూ మాకూ ఉంటే తల్లికి కోపమొత్తాదే. పిల్లకి కళ్ళు పోతే నువ్విత్తావేటి? నాల్రోజులు మానేత్తే ఏటవుద్ది?"

తెల్లటి మాత్రలు బురదలో కరిగిపోతున్నాయి. అటక మీద మా ఆయన దాచుకున్న సారా సీసా మాత్రం కదల్లేదు. దానిమీద తల్లికి కోపం రాలేదు కాబోలు.

గోడ అవతలనుంచి ఎలీసమ్మక్క అంతా విన్నది. డ్యూటీ చీర కట్టుకుంటూ గోడ దగ్గరికొచ్చింది. "పూనకం వచ్చినట్టు ఊగిపోవే కొండా. జుట్టు ఇరబోసుకుని, దాని మాత్రలు దానికిమ్మని నోరారా కేకెయ్యి. అమ్మోరు సెప్పిందంటే ఇంటారు. నువ్వు సెప్తే ఎవులింటారు?"

సరదాకి అన్నా, మాట మాత్రం నిజం. ఊగితే నా కాళ్ళమీద పడతారు. పసుపునీళ్ళతో కాళ్ళు కడుగుతారు. మా ఆయన కొబ్బరికాయ కొడతాడు. అన్నీ తెలుసు. కానీ అప్పుడు బతికేది ఎవరు? అమ్మోరు అడిగింది కనక ఇచ్చామంటారు, అప్పలకొండ బతకాలి కనక ఇచ్చామనరు. నా ప్రాణం నేను అడుక్కోవడానికి దేవత వేషం కట్టాలా? మొగుడూ, అత్తా, ఆడపడుచూ, ఆ ముగ్గురి కోసమా? ఛీ అనిపించింది.

"నా నోటితోనే సెప్తానక్కా" అన్నాను.

మధ్యాహ్నం కార్ఖానా కూత కూసింది. ఆయన భోజనానికి వచ్చి, గుమ్మానికి ఉన్న వేపమండలు చూసి చెంపలేసుకున్నాడు. నేను పెరటి గడప ఇవతలే నిలబడి చెప్పాను. మాత్రలు కాలవలో పోయాయని, ఆ పిల్లని తాకితే నేను చస్తానని, మానినా చస్తానని.

"డాక్టర్లు అలాగే బెదిరిత్తారు. నిన్న మొన్నటిదాకా మాత్రల్లేకుండా బతకలేదేటి? నాల్రోజులకి ఏటవుద్ది?" అన్నాడు.

"నీకు సిన్నప్పుడు పోసింది. మీ అమ్మకీ పోసింది. ఈ ఇంట్లో పొయ్యందాన్ని నానొక్కదాన్నే. మీ ఇద్దర్లో ఎవులో ఒకలు పిల్లని సూడండి."

ఆయన నవ్వాడు. చిన్నప్పుడు ఆటలమ్మ పోస్తే గోక్కున్న గుంట ఆయన ముక్కుమీద ఇప్పటికీ ఉంది. నవ్వితే అది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. "మగోణ్ణి, నాను పిల్లలకి ఇసురుకుంటా కూకుంటానా?"

"నాకు మోకాళ్ళ నెప్పులు" అంది అత్త, అడగకముందే. "ఆ నర్సమ్మ నేర్పతన్నాది దీనికి. కూసే గాడిదొచ్చి మేసే గాడిదని సెడగొట్టిందంట."

ఆ సామెతలో నేను మేసే గాడిదనని ఆవిడే ఒప్పుకుంది. మోసే గాడిదననడానికి నోరు రాలేదు.

"అత్తా, దురదెడతంది" అని లోపలినుంచి నూకాలు పిలిచింది. ఆ పిల్లకి జడ వేసేదాన్ని నేను, సున్నుండలు దాచిపెట్టేదాన్ని నేను. దాని తప్పేముంది ఇందులో? ఒక్క అడుగు ముందుకు పడింది కూడా. అప్పుడు మా ఆయన ముఖం చూశాను. ఆ అడుగు కోసమే ఎదురుచూస్తున్నాడు. ఇలాంటి ప్రతి అడుగూ నాచేత ఎవరో ఒకరు ఇలాగే వేయించారు, ముందు జాలి చూపించి, వెనకనుంచి తలుపేసి.

"ఏపమండతోటి మెల్లగా రాయి మావా. గోకనీకు. గోళ్ళు కత్తిరించు" అని చెప్పి, దండెం మీద తడిచీర ఒకటి లాక్కుని పెరటిదారిన బయటికి నడిచాను.

"అమ్మోరున్న ఇంట్లోంచి ఎల్లిపోతే తల్లి ఊరుకోదే!" అని అరిచింది అత్త.

"తల్లయితే ఊరుకుంటాది. ఊరుకోనిది అత్తే" అన్నాను. అంత గట్టిగా మాట్లాడగలనని నాకే తెలియదు.

రిక్షావాడు "కహాఁ జాయేంగే దీదీ?" అన్నాడు. ఆసుపత్రికన్నాను. డాక్టరుగారు సంగతి విని మా ఇంటిల్లిపాదినీ బెంగాలీలో తిట్టారు. అర్థం కాకపోయినా చెవులకి హాయిగా ఉంది. వెంటనే మాత్ర ఇచ్చి, మిగతా రోగులకి దూరంగా వరండా చివరి గదిలో మంచం వేయించారు. పొక్కు లేస్తుందేమోనని రోజూ చేతులు తిప్పి తిప్పి చూసుకునేదాన్ని. భయపడ్డాను, అబద్ధమెందుకు? కానీ ఎవరో వండిన అన్నం వేడిగా తిని భయపడడం వేరు. పొక్కు లేవలేదు.

ఇంక గండం గడిచినట్టేనని డాక్టరుగారు చెప్పిన రోజు సాయంత్రం మా ఆయన వచ్చాడు. చొక్కాకి ఇస్త్రీ లేదు. వేలికి కాలిన బొబ్బ, గంజి వార్చబోయి ఉంటాడు.

"నూకాలుకి ఎలాగుంది?" అని అడిగాను.

"తగ్గిపోనాది. నీళ్ళు కూడా పోసేసినాం. ఆళ్ళమ్మ తీసికెళ్ళిపోనాది."

"ఎవులు సూసుకున్నారు?"

"నానే. అమ్మ మోకాళ్ళంటాది గదా."

"మరి నీకేటీ అవ్వలేదా?"

"నాకేటవుద్దే? నాకు సిన్నప్పుడే పోసేసింది గదా" అన్నాడు, నేనేదో తెలియక అడిగినట్టు.

నేను ఆయన ముక్కుమీద గుంటకేసి చూస్తూ ఉండిపోయాను. చూసి చూసి ఆయనే తల దించుకున్నాడు. "ఇల్లు ఇల్లులాగ లేదే. అంట్లన్నీ అలాగే ఉండిపోనాయి. రేపు రిక్షా తెత్తాను."

"వద్దు. ఎలీసమ్మక్క ఇంట్లో ఎనక గదుంది. నానక్కడుంటాను."

"ఎన్నాళ్ళు? మరి ఇంటిపనెవులు సేత్తారు?"

మాత్ర నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టాను.

"నువ్వే సెయ్యి మావా. నీకేటవుద్ది?"