ఫ్రీజరులో పాత బూజు

అక్క ఆకుల కట్ట తెచ్చి ప్రయోగశాల బల్లమీద దబ్బున పడేసింది.

"చూడవే, నీ గొప్ప వంగడం! తెగులు దరిదాపులకి కూడా రాదన్నావుగా?"

చెల్లెలు ఒక ఆకు తీసి వెలుతురుకి పెట్టి చూసింది. నూలుకండె ఆకారంలో మచ్చలు, మధ్యలో బూడిదరంగు, అంచున గోధుమరంగు. అగ్గితెగులే, సందేహం లేదు. వరి ఆకులకి సున్నా నుంచి తొమ్మిదిదాకా తెగులు మార్కులు వేయడం పదకొండేళ్ళుగా ఆమె పని. అక్కడ అందరూ ఆమెను మార్కులమ్మ అనే పిలుస్తారు. ఈ వంగడానికి నాలుగేళ్ళు వరసగా సున్నా వేసింది ఆమే, అంటే ఒక్క మచ్చా లేదని. ఆ మాట నమ్మే అక్క చేనంతా అదే నాటింది.

"చేనంతా ఇలాగే ఉందా?"

"నిప్పంటించినట్టుంది. మీ బావ గట్టుమీద కూలబడ్డాడు. ఎంత లేపినా లేవడు."

మార్కులమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఈ పాపం ఎవరిదో ఆమెకి బాగా తెలుసు, ప్రయోగశాల నడిపే పెద్దసారుది. పరీక్షకని నారుమీద చల్లే అగ్గితెగులు బూజు ఫ్రీజరులో ఓ సీసాలో ఉంటుంది. ఆ సీసా నింపి తొమ్మిదేళ్ళయింది. అదేం పరీక్షో! మొక్క తెగులు బూజుని ఏదో ఒక గుర్తుతోనే పోల్చుకుని అడ్డుకుంటుంది. చేలల్లో తిరిగే బూజు ఊరుకుంటుందా? మీసం తీసేసుకుని కాపలావాడి ముందునుంచే నడిచిపోయే దొంగలాగా, ఆ గుర్తు చెరిపేసుకుంది. సీసాలోది మాత్రం ఇంకా మీసంతోనే ఉంది. దాన్ని పట్టుకుని భేష్ భేష్ అనుకుంటున్నారు వీళ్ళంతా.

ఈ వంగడాన్ని అందరు రైతులకీ విడుదల చేసే సమావేశం తొమ్మిదిరోజుల్లో ఉంది. మార్కులమ్మ ఎవర్నీ అడగలేదు. అడిగితే వద్దంటారు. అక్క తెచ్చిన ఆకుల మచ్చలనుంచి బూజు తీసి, నీళ్ళలో కలిపి, అదే వంగడం నారున్న ఒక ట్రేలో చల్లింది. పక్కనున్న అలాంటి నారు ట్రేలో సీసా బూజు చల్లింది. రెండింటికీ తడి ఆరకుండా ప్లాస్టిక్ కప్పింది.

ఎనిమిదోరోజుకి సీసా ట్రే పచ్చగా నవనవలాడుతోంది. అక్క చేలో బూజు చల్లిన ట్రేనిండా మచ్చలే, చూస్తే ఏడుపొచ్చింది. మర్నాడు అక్కని రమ్మని, రెండు ట్రేలూ ఎత్తుకుని తిన్నగా సమావేశం గదిలోకి నడిచింది. అక్క గుమ్మం దగ్గరే నిలబడింది.

"ఇదేంటమ్మా?" అన్నాడు పెద్దసారు చిరాగ్గా. "రూలు ప్రకారం పాత సీసాతోనే చెయ్యాలి. ఏటా బూజు మారిస్తే ఏ ఏటి మార్కుల్ని దేంతో పోలుస్తాం?"

"పోల్చుకుంటూ కూర్చోండి సార్! చేలో తెగులుకి మీ రూలు తెలీదు. కొత్త బూజు తెద్దామని ఏటా చెప్పా, నాలుగుసార్లు చెప్పా. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నారు!"

విడుదల కమిటీలోని పెద్దావిడ మచ్చల ట్రే దగ్గరికి లాక్కుని, కళ్ళద్దాలు సవరించుకుని, ఆకులు ఒక్కొక్కటే తిప్పి చూసింది. సంతకం చెయ్యాల్సిన కాగితాన్ని పక్కకి నెట్టేసింది.

"ఈ విడుదల ఆపండి," అంది.

మార్కులమ్మ వరండాలోకి వస్తూనే అక్క చెయ్యి పట్టుకుంది. "విన్నావా? ఆపేశారు! ఇంకెవరి చేనూ మాడదు. ఆయన మొహం చూశావా, ఎలా వాడిపోయిందో!"

అక్క నవ్వలేదు. "నాలుగుసార్లు చెప్పావా ఆయనకి?"

"మరి! చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది."

"విత్తనం నీ చేత్తోనే తెచ్చిచ్చావు. నాట్లయ్యేదాకా మా ఇంట్లోనే ఉన్నావు. నాకు ఒక్కసారి చెప్పలేకపోయావా?"

అక్క తన చెయ్యి విడిపించుకుని, మెట్లదగ్గర విడిచిన చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.