ఒక్కరే వాడే కుళాయి

పగలంతా నీళ్లు తాగకుండా గడపడం ఈ ఉద్యోగం సునందకు నేర్పిన మొదటి విద్య. మరుగుదొడ్ల గురించి అడుగుతూ ఊళ్లు తిరిగే మనిషికి తిరిగినంతసేపూ మరుగుదొడ్డి దొరకదు. అందుకని పొద్దున బయల్దేరే ముందు ఒక గ్లాసు, మళ్లీ ఇల్లు చేరాక ఒక గ్లాసు. మధ్యాహ్నానికి కణతల దగ్గర మొదలయ్యే నొప్పిని ఆమె నొప్పి అనుకోవడం మానేసింది. అదొక తోటి ఉద్యోగిలా పక్కన నడుస్తూ వస్తుంది, అంతే.

ఆ రోజు ధన్‌సింగ్ అనే డ్రైవరు ఆటోలో నెల్లికుదురు దాటి లోపలికున్న తండాకు వచ్చింది. సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు డిపోలు దాటడం లేదు. బడులు లేవు, ఆఫీసులకు తాళాలు. ఆమె పని మాత్రం ఆగలేదు. హైదరాబాదులోని ఒక పరిశోధన సంస్థ తండాల్లోనూ గూడేల్లోనూ నీళ్లు, మరుగుదొడ్లు, శుభ్రత ఎలా ఉన్నాయో అధ్యయనం చేయిస్తోంది. కుర్రాళ్లు ఇల్లిల్లూ తిరిగి నింపుకొచ్చిన పత్రాలను మళ్లీ వెళ్లి సరిచూడడం సునంద పని. సొంతూరు ఉన్న జనగామ వైపు అయిపోయింది. రేగొండ, మొగుళ్లపల్లి అయిపోయాయి. మానుకోట వైపు ఈ తండా ఒక్కటే మిగిలింది.

సరిచూడడమంటే అడిగినవాళ్లనే మళ్లీ అడగడం. మొదటిసారి చెప్పినందుకు ఏమీ రాలేదని తెలిసిపోయిన మొహాల ముందు నిలబడి అవే ప్రశ్నలు చదవడం. ఎక్కడికి వెళ్తారు, చేతులు దేనితో కడుక్కుంటారు, నెలసరి గుడ్డలు ఎక్కడ ఆరేస్తారు. సొంత చెల్లెల్ని కూడా అడగలేని మాటలు. చదువుతుంటే తన గొంతు తనకే పక్కగదిలోంచి వస్తున్నట్టు వినిపించేది. అడుగుతున్నది తాను కాదని అనుకోవడానికి ఆ దూరం బాగా పనికొచ్చేది. సాయంత్రానికి మాత్రం ఆ గదిలోంచి తిరిగి తనలోకి రావడానికి చాలాసేపు పట్టేది.

తండా దాదాపు ఖాళీగా ఉంది. అందరూ పెద్దరోడ్డు మీద వంటావార్పుకు పోయారు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండుకుని, తిని, రాకపోకలు ఆపేయడం ఆ రోజుల్లో ఉద్యమం పద్ధతి. పిల్లవాడికి ఒళ్లు వెచ్చగా ఉందని నీలి ఒక్కతే ఇంటి దగ్గర ఆగిపోయింది. సునంద సరిచూడాల్సిన ఇళ్లలో ఒకదాని పెద్ద రాధాబాయి. నీలి ఆమె కోడలు.

సునంద రాధాబాయి పేరున్న పత్రం తీసింది. ఇంట్లో కుళాయి: ఉంది. ఎంతమంది వాడతారు: ఒకరు. ఎప్పుడు: పొద్దున, చలిగా ఉన్నప్పుడు. ఇంకో మూడిళ్ల పత్రాల్లోనూ ఇలాంటి జవాబులే. చుట్టూ చూసింది. గోడల వెంట బిందెలు బోర్లించి ఉన్నాయి. గొట్టం ఆనవాలైనా ఎక్కడా లేదు.

కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదివింది. "మీ ఇంట్లో కుళాయి ఉందా?"

"ఉన్నది మేడం."

"ఏదీ, చూపించు."

నీలి లోపలికి పోయి, పెట్టె మూత తీసి వెతికి, బయటికి వచ్చింది. సునంద చేతిలో ఒక చంటిపిల్లల టోపీ పెట్టింది. ఎర్ర గుడ్డ మీద అద్దాలు, గవ్వలు, అంచున ఊలు కుచ్చులు.

"మా అత్తనే కుట్టింది. పొద్దుగాల సలి పెడ్తె వీనికి ఏస్త. జర మాసింది, ఏమనుకోకుండ్రి."

కుల్లాయి.

నీళ్లొచ్చేదాన్ని ఈ వైపు నల్లా అంటారు. ప్రశ్నలు రాసినవాళ్లకు అది తెలియదు. కోస్తా వైపు వాళ్ల ఊళ్లలో దాని పేరు కుళాయి. ఇక్కడ ఆ మాట చెవిన పడితే అది నెత్తికి పెట్టే కుల్లాయే. చంటిపిల్లలున్న నాలుగిళ్లలో నాలుగు టోపీలు నల్లాలై కూర్చున్నాయి. సునందకు నవ్వు వచ్చింది. పెదాల దాకా రాకముందే అలసట దాన్ని మింగేసింది.

ఈ అధ్యయనంలో ఏ ఒక్క ఇంట్లోనూ నల్లా లేదని తేలిన తండాలనే మంచినీళ్ల పథకానికి ఎంచుతారు. ఆ జాబితా రేపు పోతుంది. నాలుగు టోపీల వల్ల ఈ తండా అందులో లేదు.

గట్టు ఎక్కితే సిగ్నలు దొరికి ఫోను కలిసింది. హైదరాబాదులో అధ్యయనం చూసుకునే భావన గొంతు కూడా నిద్రలేని గొంతే. "నేనేం చేయలేనండీ సునందగారూ. చెప్పినవాళ్లే మళ్లీ చెప్పి, దిద్దిన చోట వేలిముద్ర వేయాలి. సాయంత్రం లోపల నాకు ఫ్యాక్స్ చేయండి. లేదంటే ఉన్నదే వెళ్తుంది."

పెద్దరోడ్డు మీద అడ్డంగా ఎడ్లబండి, దాని వెనక పొగ, పెద్ద గుండిగల్లో అన్నం. ట్రాక్టరు ట్రాలీ మీద మైకు. వంటకని దామోదర్ తెప్పించిన నీళ్ల ట్యాంకరు ఒక పక్కన ఆగి ఉంది. తండా ఆడవాళ్లు వంట దగ్గరకంటే దాని దగ్గరే ఎక్కువమంది ఉన్నారు. దామోదర్ సునందకు మేనమామ కొడుకు. వ్యవసాయం ఉంది, ఊళ్లో పలుకుబడి ఉంది. తండావాళ్లు ఎండాకాలం నీళ్లకు వచ్చేది ఆయన బావికే, వాళ్లకు ఆయన పటేలు.

"ఓ సునందా! సమ్మెల గూడ డ్యూటీయేనా? తెలంగాణ మొత్తం రోడ్డు మీద కూసుంటె నువ్వొక్కదానివే ఆ దిక్కున్నవా ఏంది?"

"బావా, జర నలుగురు ఆడోళ్లను పక్కకు పిలిపియ్యవా?" అని, ఎందుకో చెప్పింది.

దామోదర్ కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు. నవ్వుతూనే ట్రాలీ ఎక్కి మైకు అందుకున్నాడు. "ఇన్నరా అన్నలారా! నల్లా ఉన్నదా అని అడుగుడు రాదు గని, మన నీళ్ల లెక్కలు మాత్రం వాళ్లే రాస్తరట! కుళాయి అన్నరట, మనోళ్లు కుల్లాయి సూపెట్టిండ్రట!"

రోడ్డంతా నవ్వింది. అంతవరకు బాగానే ఉంది. ఆ నవ్వు దూరాన ఉన్నవాళ్ల మీదికి పోతోంది. దామోదర్‌కు ఇంకా ఊపు వచ్చింది. "ఏ రాధీ! నీ నల్లాల నీళ్లొస్తున్నయా? మాకు గూడ ఒక్క బిందె పొయ్యరాదే!"

నవ్వు అటునుంచి ఇటు మళ్లిన క్షణం సునందకు కంటికి కనిపించినంత స్పష్టంగా తెలిసింది. తెరమీద తమ యాస మాట్లాడే దొంగను చూసి హాలంతా నవ్వుతుంటే ఎలా ఉంటుందో ఈ జనంలో ప్రతివాడికీ తెలుసు. తెలిసీ నవ్వుతున్నారు. బహుశా తెలుసు కాబట్టే, మోస్తున్న బరువును కాసేపు ఇంకొకరి నెత్తిన పెట్టినంత హాయిగా నవ్వుతున్నారు.

"పిలిచిన సూడు," అన్నాడు దామోదర్ దిగుతూ. మేలు చేశాననే నమ్మకం ఆయన మొహంలో నిజంగానే ఉంది.

రాధాబాయి ట్యాంకరు పైపు బిందెలో పెట్టి కూర్చుని ఉంది. నెరిసిన జుట్టు, ముంజేతుల నిండా తెల్ల గాజులు. మిగిలిన ముగ్గురూ ఆమె వెనక నిలబడ్డారు. ఆమె ఏం చేస్తే వాళ్లూ అదే చేస్తారని చూడగానే తెలుస్తోంది.

"అవ్వా..."

"నవ్విచ్చుడు అయిపోయిందా?"

"నేను నవ్వలేదవ్వా."

"నువ్వు నవ్వలే. పటేలు కల గన్నడా మరి?"

సునంద చేతిలోని పత్రాలు విప్పింది. పథకం సంగతి, జాబితా సంగతి, వేలిముద్ర సంగతి చెప్పింది. చెప్తుంటే గొంతు మళ్లీ పక్కగదిలోకి పోయింది.

"అప్పుడు గూడ ముద్ర ఏపిచ్చుకపోయిండ్రు," అంది రాధాబాయి. "ఇప్పుడు లేదని ఏస్తె అప్పటిది అబద్ధమైతది. రోడ్డు మీద పిస్సదాన్ని చేసినవ్. కాయితం మీద అబద్ధాలదాన్ని గూడ చేస్తవా?"

"నీళ్లొస్తయవ్వా."

"ఎందరు జెప్పలే. బిడ్డా, తెలుగు మా ఇంటి మాట గాదు. మీ అసొంటోళ్ల పొలాలల్ల కూలికి పోయి నేర్సుకున్నం. మీరు ఏది నేర్పితె గదే వచ్చు. ఇప్పుడు ఇంకోటి తెచ్చి అడిగి, రాలేదని నవ్వబడ్తిరి." నిండిన బిందె పక్కకు జరిపి ఇంకోటి పెట్టింది. "గా మైకులనే నవ్విండ్రు గదా. గా మైకులనే చెప్పు, తప్పు ఎవలదో. అప్పుడు ఏస్త."

సునందకు నలుగురిలో మాట్లాడడమంటే చిన్నప్పటి నుంచీ భయం. ప్రశ్నలు చదవగలదు. చదివేది వేరొకరి మాట కనుక. ట్రాలీ వైపు చూసింది. పోకపోతే ఏమవుతుంది? సంతకం పెట్టి, సరిచూశానని రాసి, ఇల్లు చేరి, గ్లాసెడు నీళ్లు తాగి పడుకోవచ్చు. ఎవరూ అడగరు. ఆ ఆలోచన ఎంత తియ్యగా ఉందో గమనించి తనమీద తనకే విసుగు వచ్చింది. కాళ్లు మాత్రం నడిచాయి.

"బావా, మైకు ఇయ్యి."

"పాట పాడ్తవా ఏంది?"

ట్రాలీ ఎక్కి అందుకుంది. మనసులో కూర్చుకున్న చక్కటి వాక్యం మైకు చప్పుడుకే చెదిరిపోయింది. నోట్లోంచి జనగామలో అమ్మతో మాట్లాడే మాట వచ్చింది.

"రాధవ్వ తప్పు చెప్పలే. మేం కుల్లాయి ఉన్నదా అని అడిగినం. ఉన్నదని చెప్పింది. నల్లా ఉన్నదా అని ఎవలూ అడగలే. అడుగుడు రానిది మాకు. నవ్వెటోళ్లు మమ్ముల నవ్వుండ్రి. మనం గూడ ఒకని మాట మీద నవ్వితే... అది మంచిగుండదు."

ఎవరూ నవ్వలేదు. సగంమంది వినలేదు కూడా. గుండిగ దగ్గర ఎవరో అది నినాదమనుకుని జై తెలంగాణ అన్నారు, రోడ్డంతా జై కొట్టింది. "శాబాష్, మంచిగ చెప్పినవ్," అన్నాడు దామోదర్. చివరి మాట తనకు కూడా అని ఆయనకు తోచినట్టు లేదు. లేక తోచిందేమో, మైకు మళ్లీ తీసుకోలేదు.

సునంద సిరా డబ్బా తీసుకుని ట్యాంకరు దగ్గరికి వచ్చింది. రాధాబాయి పైపు పక్కకు పెట్టింది. బొటనవేలు చాచింది.

వేలు తడిగా ఉంది. సిరా పాకి ముద్ర మొత్తం మరకైపోయింది. సునంద చీర కొంగుతో ఆ వేలు తుడిచింది.

"మెల్లగ. పగుళ్లున్నయ్."

రెండోసారి గీతలు పడ్డాయి.

"ఏం రాసినవో సదువు."

"ఇంట్ల నల్లా లేదు. నీళ్లు బావి కాడికెల్లి తెచ్చుకుంటరు. దూరం కూడా రాసిన."

"నెత్తి మీదనా, బండి మీదనా?"

"అది కాయితంల అడగలేదవ్వా."

రాధాబాయి ఆమె మొహంలోకి చూసింది. కోపం లేదు. ఓపిక కూడా పెద్దగా లేదు.

"అడగకుంటె ఏంది. రాయి."

జవాబుకు గడి లేదు. సునంద కాగితాన్ని ట్యాంకరు ఒంటికి ఆనించి, అంచున మిగిలిన ఖాళీలో 'నెత్తి మీద' అని రాసింది. వెనకనున్న ముగ్గురూ తడి చేతులు తుడుచుకుంటూ ముందుకు జరిగారు.