వంటింటి వెనక మెట్టు

మా ఆయనకు సిమెంటు అంటే పడదు. పడదంటే మామూలుగా కాదు, ఎవరింట్లోనైనా గచ్చు చేస్తుంటే అవతలి పక్కకు మారి నడిచే రకం. అలాంటి మనిషికి అడవిలో సఫారీ లాడ్జి కట్టాలన్న కోరిక పుట్టింది. కడితే కట్టాడు, ఖాళీ చేసే రోజున నేలను ఎలా తీసుకున్నామో అలాగే అప్పగిస్తామని అడవి ఆఫీసరుకు మాటిచ్చి వచ్చాడు. ఒక్క మేకు కూడా మిగలదన్నాడట. ఆ ఆఫీసరు నవ్వి, "అందరూ అలాగే అంటారండీ, చివరికి గోడలు మాకొదిలేసి పోతారు" అన్నాడట. ఆ నవ్వు మా ఆయనకు ఎక్కడో గుచ్చుకుంది. అప్పటినుంచి నా ప్రాణం తోడేశాడు.

గదులన్నీ గుడారాలే. గుడారం కింద చెక్క అరుగు, అరుగు కింద నేలలోకి మర తిప్పి దించిన ఇనుప కాళ్ళు. ఇటు తిప్పితే దిగుతాయి, అటు తిప్పితే ఊడొస్తాయి. కరెంటు ఎండ ఇచ్చినంతే. స్నానాల నీళ్ళు రెల్లు మడిలోకి, అక్కడ శుభ్రపడి జింకలు తాగే గుంటలోకి. ఇవన్నీ బాగానే ఉన్నాయి, నేనూ గర్వంగానే చెప్పుకునేదాన్ని. తలనొప్పంతా నడక దగ్గరే. రోజూ ఒకే దారిన నడిస్తే గడ్డి చచ్చి బాట పడుతుందట. అందుకని అతిథులను రోజుకో దారిన తిప్పేవాడు. పెద్ద పెద్ద ఉద్యోగాలు చేసేవాళ్ళు కాఫీ కప్పు పట్టుకుని, గడ్డిలో వంకర్లు తిరుగుతూ భోజనాల గుడారానికి వస్తుంటే నవ్వాపుకోలేక చచ్చేదాన్ని. నేను మాత్రం వినలేదు. వంటింటి నుంచి నీళ్ళ ట్యాంకు మీదుగా జీపు ఆగే చోటుదాకా తిన్నగా నడిచేదాన్ని.

"మళ్ళీ అదే దారా? కాస్త పక్కనుంచి రాకూడదూ?" అనేవాడు.

"బిందె మీరెత్తుకుని పక్కనుంచి రండి, నేను నిలబడి చూస్తాను" అనేదాన్ని.

చివరికి బాట పడనే పడింది. లాడ్జి మొత్తానికి అదొక్కటే బాట, నాది.

ఒక వానాకాలం వంటింటి వెనక బురదలో జారి పడ్డాను. మోకాలు ఇంతలావు వాచిపోయింది. మంచం మీదినుంచే ఆయనను కడిగేశాను. "ఇంత లాడ్జి కట్టారు, నాకొక మెట్టు వేయలేకపోయారు. ఏ ఏనుగో జారి ఉంటే ఈపాటికి మీరు అడవంతా కదిలించేవారు" అన్నాను. నేను లేచి తిరిగేనాటికి వంటింటి గుమ్మం కింద వెడల్పాటి రాయి ఒకటి ఉంది. వాగులో దొరికిందన్నాడు. మట్టి రంగు, పైన సన్నటి గీతలు, ఎంత తడిలోనూ పాదం పట్టు తప్పేది కాదు. మంచి రాయే ఏరారని మెచ్చుకున్నాను కూడా. మెచ్చుకోవడం నాకంత అలవాటు లేదు, అందుకే గుర్తుంది. అప్పుడే నా కొత్త చీపురు కొనలన్నీ గట్టిగా బిగుసుకుపోయి కనిపించింది. దేనికి వాడారంటే, ఏదో బురదలే అని పిల్లిలా జారుకున్నాడు. కొత్త చీపురు నాశనం చేశారని కొన్నాళ్ళు సాధించాను.

పోయినేడు వరదకు వాగు దారి మార్చుకుంది. ఏనుగులు ఎప్పటినుంచో దాటే రేవు కోసుకుపోయి, అవి పిల్లలతో సహా మా గుడారాల మధ్యనుంచి దాటడం మొదలుపెట్టాయి. అతిథులు ఫోటోలు తీసుకుని సంబరపడ్డారు. ఒక సాయంత్రం ఒక తల్లి ఏనుగు మా దీపాలు చూసి జంకి, పిల్లను వెనక్కి తోసుకుంటూ వెళ్ళిపోయింది. ఆయన అరుగు మీద కూర్చుని అదంతా చూశాడు.

"ఇక మనం లేవాలి" అన్నాడు.

"ఎక్కడికి?"

"ఇక్కడినుంచే. వాటి దారికి అడ్డంగా కూర్చున్నాం."

బస్సులో ఎవరి సీట్లోనో కూర్చున్నట్టు, అంత మామూలుగా అన్నాడు. నేను ఏడ్చాను, పోట్లాడాను, నెత్తీ నోరూ కొట్టుకున్నాను. వింటేనా, మొండిఘటం. ఆఫీసుకు తనే వెళ్ళి ఖాళీ చేస్తున్నామని చెప్పి వచ్చాడు. మొదటి గుడారం తాళ్ళు విప్పుతూ విప్పుతూ గుండె పట్టుకుని ఆ అరుగు మీదే ఒరిగిపోయాడు. ఆస్పత్రి దాకా కూడా తీసుకెళ్ళలేకపోయాం.

మిగిలిందంతా నేనూ మా తమ్ముడూ విప్పాం. తమ్ముడు మా జీపు నడిపేవాడు, బావంటే వాడికి ప్రాణం. గుడారాలు, చెక్కలు, సోలార్ పలకలు లారీ ఎక్కి వెళ్ళిపోయాయి. ఒక్కో ఇనుప కాలూ ఊడి వస్తుంటే ఆయనను మళ్ళీ మళ్ళీ సాగనంపినట్టే ఉండేది. ఆయన చేతిపనంటూ అక్కడ ఏదీ మిగలకుండా చేస్తున్నది నేనే. మాట ఆయనది, నెరవేర్చే ఖర్మ నాది. ఎన్నిసార్లు తిట్టుకున్నానో ఆయనను. అయినా సరే, ఆ ఆఫీసరు మళ్ళీ నవ్వకూడదు. నాకు కావలసిందల్లా అదే.

అప్పగించే రోజున ఆ ఆఫీసరే వచ్చాడు. జుట్టంతా నెరిసిపోయింది. కర్రతో గడ్డి తొలగిస్తూ నేలంతా తిరిగి తిరిగి వచ్చాడు. ఏమీ దొరకలేదు.

"మీవారు అన్న మాట నిలబెట్టుకున్నారమ్మా" అన్నాడు. "నేను చూసినవాళ్ళలో ఈయనొక్కరే."

ఈ ముక్క వినడానికి ఆయన లేడు కదా అనుకున్నాను. "వంటింటి వెనక రాయొకటి ఉందండీ" అన్నాను. "వాగులోంచి తెచ్చింది. తిరిగి వాగులో వేయించేస్తాను."

"రాయే కదమ్మా, ఉండనివ్వండి."

"ఆయనైతే ఉండనివ్వడు."

తమ్ముడు గునపం గుచ్చి ఎత్తబోయాడు. కదల్లేదు. ఇంకాస్త బలంగా మోపితే అంచున పెచ్చు ఊడింది. లోపల బూడిద రంగు, మధ్యలో కంకర. తమ్ముడు గుడ్లప్పగించి నా వైపు చూశాడు. నేను వంగి గోటితో గీకాను. మట్టి రంగు పైపూతే. పైనున్న గీతలు తడిమి చూస్తే అప్పుడు తెలిసింది, అవి వాగు గీసినవి కావు. తడి సిమెంటు మీద నా చీపురుతో గీసినవి, నా పాదానికి పట్టు దొరకాలని.

అక్కడే కూలబడ్డాను. ముందు నవ్వొచ్చింది. "అమ్మ దొంగా" అన్నాను పైకే. గచ్చు చూస్తేనే ముఖం తిప్పుకునే మనిషి, ఆ గచ్చు చేసేవాళ్ళ దగ్గరికే వెళ్ళి, తల వంచుకుని సంచెడు సిమెంటు అడిగి ఉంటాడు. నేను మూలుగుతూ పడుకున్నప్పుడు చాటుగా కలిపి ఉంటాడు. చీపురు గురించి నేను సాధిస్తున్నంతసేపూ నోరు మెదపకుండా పడ్డాడు. ఆ తర్వాత ఏడుపు ఆగలేదు.

ఆఫీసరు కాసేపు అటు తిరిగి నిలబడ్డాడు. "నేనేం చూడలేదమ్మా" అన్నాడు. "పైన రెండు తట్టల మట్టి పోయించండి. ఒక్క వానకు గడ్డి కప్పేస్తుంది."

"ఉండనీ అక్కా" తమ్ముడు బతిమాలాడు. "బావది ఇదొక్కటే మిగిలింది. అదీ నీకోసం చేసింది."

నా బాధా అదే. ఉంచితే ఆయన మాట పోతుంది. తీస్తే, ఆయన నాకోసం చేసింది పోతుంది. బతికినన్నాళ్ళూ ఆయన మాట తప్పింది ఒక్కసారి, అదీ నా మోకాలి కోసం. ఆ తప్పు మీద మట్టి కప్పి, గోడలు వదిలేసి పోయినవాళ్ళలో ఆయననూ ఒకడిని చేసి వెళ్ళిపోవడం నావల్ల కాలేదు.

చెప్పులు విడిచి ఒకసారి ఆ మెట్టు మీద నిలబడ్డాను. గీతలు అరికాళ్ళకు తగిలాయి. దిగి, "సమ్మెట ఇలా ఇవ్వు" అన్నాను.

"నేను కొడతాలే అక్కా."

"వద్దు. ఇది నాది."

మొదటి దెబ్బకు ఏమీ కాలేదు. గట్టిగానే పోశాడు మహానుభావుడు. చేతులు బొబ్బలెక్కి నేను ఆగిపోతే మిగతాది తమ్ముడు కొట్టాడు. ముక్కలన్నీ ఏరి గోనెసంచిలో వేశాం. గుంట పూడ్చడానికి మట్టి ఆఫీసరే తట్టతో మోసుకొచ్చాడు. ఈసారి అతను నవ్వలేదు.

జీపు దగ్గరికి అలవాటు కొద్దీ నా బాటలోనే బయలుదేరాను. నాలుగడుగులు వేసి ఆగిపోయాను. పక్కకు దిగి, ఆయన ఇన్నేళ్ళూ రమ్మన్నట్టు, గడ్డిలోంచి చుట్టూ తిరిగి నడిచాను. జీపు దగ్గర ఆగి వెనక్కి చూస్తే, నేను తొక్కిన గడ్డి అప్పుడే లేస్తోంది. చూసి మురిసిపోవడానికి ఆయన లేడు.

తమ్ముడు సంచిని వెనక సీటులో వేయబోయాడు.

"ముందు పెట్టరా, నా కాళ్ళ దగ్గర" అన్నాను.

"ఇరుకవుతుందక్కా. మోకాలు నొప్పెడుతుంది."

"నొప్పెట్టదు."

చెప్పులు విడిచి పాదాలు సంచి మీద పెట్టుకున్నాను. పైనున్న ముక్క మీద గీతలు గోనెగుడ్డలోంచి కూడా తెలుస్తున్నాయి. ఇంటికి చేరేదాకా అలాగే కూర్చున్నాను.